ముందే చూసిన ప్రాబ్లమ్

శనివారం పదకొండున్నరకి మా షాపులో నిలబడటానికి చోటుండదు. పిల్లల్ని డాన్స్ క్లాసులో దింపిన తల్లులు, వారానికోసారి సరుకులు కొనుక్కునే కుర్రాళ్ళు అందరూ ఆ గంటలోనే వస్తారు. కరివేపాకు పెట్టె విప్పేది అప్పుడే, దోసెల పిండి డబ్బాలు అయిపోయేదీ అప్పుడే. సరిగ్గా ఆ వేళకే మా ఆయన వెనక స్టాక్ రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకునేవారు.

లోపల ఆయన చేసేది ప్రోగ్రామింగ్ పోటీ. రష్యావాళ్ళ వెబ్‌సైట్. వాళ్ళకి సాయంత్రం తీరిక వేళ, మాకు గిరాకీ వేళ. సోనామసూరి బస్తాల మీద కూర్చుని, మామిడిపళ్ళ పెట్టె తిరగేసి దాని మీద లాప్‌టాప్ పెట్టుకుంటే, పోటీ అయ్యేదాకా బయటికి వచ్చేవారు కాదు. ఆయనతో పోటీ పడేవాళ్ళు ఎక్కడో కీవ్‌లోనో షాంఘైలోనో హైస్కూలు చదివే పిల్లలు. ఈయనకి నలభై ఏడు.

"అంకుల్ కనిపించట్లేదే" అని ఎవరైనా అడిగితే "కాల్‌లో ఉన్నారు" అనేదాన్ని. ఆ మాట చెబితే ఇక్కడ ఎవరూ మళ్ళీ అడగరు.

ఇది 2013 వేసవి సంగతి. షాపు అమెరికాలో, న్యూజెర్సీ పార్సిప్పనీలో, రూట్ 46 పక్కన ప్లాజాలో. మా నాన్నది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. నేను చదివింది ఎం.కామ్. అయినా సరుకు చూడటం నేర్చుకున్నది నాన్న దగ్గరే. ఏది ఎదురొచ్చినా ముందు నాకు రెండే అనుమానాలు వస్తాయి. ఇది ఎవరు కొంటారు, ఎన్నాళ్ళు నిలవుంటుంది. ఆ వేసవిలో నేను తేల్చుకోవలసిన సరుకు మా ఆయన చదువు.

మా ఆయన మూర్తి ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో, మెయిన్‌ఫ్రేమ్ అనే పాతకాలపు పెద్ద కంప్యూటర్ మీద ప్రోగ్రామరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే కంపెనీ, అదే బిల్డింగు. ఆ ఏడాది మార్చిలో ఆ పనంతా చెన్నైలో ఎవరికో అప్పజెప్పారు. వాళ్ళకి పని నేర్పమని ఈయననే కూర్చోబెట్టారు. ఈయన బాగా నేర్పారు. ఎంత బాగా అంటే, అనుకున్నదానికంటే ముందే నేర్పడం అయిపోయింది, ముందే ఇంటికి వచ్చేశారు. అట్టపెట్టెలో కాఫీ కప్పు, చిన్న మనీప్లాంట్ కుండీ తెచ్చుకున్నారు. కుండీ షాపు కిటికీలో పెట్టారు. ఆ రాత్రి భోజనంలో పప్పు కాస్త ఉప్పగా ఉందన్నారు, అంతే.

షాపు మీద ఇల్లు గడుస్తుంది. గడవనిది మెడికల్ ఇన్సూరెన్స్. ఆయనకి షుగరు. కంపెనీ ఉన్నన్నాళ్ళూ డాక్టరు దగ్గరికి వెళ్ళి కార్డు చూపించి వచ్చేవాళ్ళం. షాపు తరఫున తీసుకుంటే ఎంతవుతుందో ఏజెంటుని అడిగి తెలుసుకున్నాను. అప్పట్నుంచీ ఉద్యోగం అంటే నా లెక్కలో జీతం కాదు, ఆ కార్డు.

వేసవి మొదట్లో ఒక రిక్రూటర్ ఫోన్ చేసింది. న్యూయార్క్‌లో పెద్ద ఇంటర్నెట్ కంపెనీ. మెయిన్‌ఫ్రేమ్ నుంచి వాళ్ళ డేటా బయటికి తీయడానికి పాత పద్ధతీ కొత్త పద్ధతీ రెండూ తెలిసినవాళ్ళు కావాలట. కానీ అందరికీ చేసే ఇంటర్వ్యూనే ఈయనకీ చేస్తారు. బోర్డు మీద ప్రాబ్లమ్ ఇస్తారు, అక్కడికక్కడ నిలబడి ప్రోగ్రాము రాయాలి. ఫెయిలైతే ఏడాది దాకా మళ్ళీ పిలవరు. ఎక్కడో చదివి ఈయన పోటీలు పట్టుకున్నారు. పోటీల్లో గట్టిపడితే ఇంటర్వ్యూ ఒక లెక్క కాదని ఆయన నమ్మకం. ఫోన్ ఇంటర్వ్యూ పాసయ్యాక ఆ నమ్మకం ఇంకా బలపడింది.

అదే సమయంలో మా పక్కనున్న వీడియో షాపు మూసేశారు. ప్లాజా ఓనరు ఆ చోటు కావాలా అని ముందు నన్నే అడిగాడు. వంటగది పెట్టి ఇడ్లీ, దోసె, సాంబారు వేడివేడిగా అమ్మాలని నాకు ఎప్పట్నుంచో ఉంది. కానీ నేను వంటగదిలో ఉంటే కౌంటరు దగ్గర నమ్మకమైన మనిషి ఒకరు కావాలి. జీతానికి పెట్టుకుంటే మిగిలేదంతా వాళ్ళకే పోతుంది. ఓనరు సెప్టెంబరు ఆఖరుకి మాట చెప్పమన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు ఆయన్ని అడిగాను.

"ఏమండీ, ఇంటర్వ్యూ ఎప్పుడు పెట్టుకుంటారు?"

"ఇంకొన్నాళ్ళు ప్రాక్టీసు చేసి పెట్టుకుంటానన్నాను. వాళ్ళు సరేనన్నారు."

"సెప్టెంబరు దాటితే నాకు కుదరదు."

ఆయన కందిపప్పు ప్యాకెట్లు వరస సరిచేస్తున్నారు. సరిచేయడం అయ్యాక అన్నారు. "సెప్టెంబరులోనే పెట్టుకుంటాను. వస్తే సరే. రాకపోతే కౌంటరు దగ్గర కూర్చుంటాను."

"మళ్ళీ మాట మారకూడదు."

"మారదు."

బేరం కుదిరింది. మా ఇద్దరి మధ్యా చాలా కాలం తర్వాత జరిగిన పొడవైన సంభాషణ అదే.

పోటీలంటే ఏమిటో ఆయనే ఒకసారి లాప్‌టాప్ తిప్పి చూపించారు. పోటీ అవగానే ప్రతివాళ్ళ పేరు పక్కనా ఒక అంకె వస్తుంది. బాగా చేస్తే పెరుగుతుంది, లేకపోతే పడిపోతుంది. అంకెని బట్టి పేరు రంగు మారుతుంది. ఈయన పేరు బూడిద రంగులో మొదలై ఆకుపచ్చకి వచ్చింది. నాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. అది యార్డులో పలికే రేటు. కాకపోతే ఈ రేటుకి సరుకు ఎత్తేవాళ్ళు ఎవరూ లేరు.

ఆగస్టులో ఒక శనివారం పోటీ మధ్యలోనే తలుపు తీసుకుని వచ్చేశారు. నేను కొత్తిమీర కట్టలు విడదీస్తున్నాను. పక్కన నిలబడి తనూ విడదీయడం మొదలుపెట్టారు.

"అప్పుడే అయిపోయిందా?"

"లేదు. ఒక ప్రాబ్లమ్ పాతది ఇచ్చారు. ఎప్పుడో వేరేచోట వచ్చింది, నేను చేశాను. నా మార్కులు లెక్కలోకి తీసుకోవద్దని వాళ్ళకి రాసి వచ్చేశాను."

"వాళ్ళు అడిగారా?"

"అడగలేదు."

"మరి?"

"తెలిసినది చేస్తే ఆ రేటింగ్ నాది కాదు కదా."

కొత్తిమీరలో కుళ్ళిన ఆకులు ఏరి ఆయన ఒక పక్కన పెడుతున్నారు. అంత ఏరక్కర్లేదని చెప్పాను. ఆ సంగతి అక్కడితో మర్చిపోయాను.

నాకు అసలు తేలనిది ఒకటుంది. ఈ పోటీలు ఇంటర్వ్యూకి పనికొస్తాయా, లేక మంచి గిరాకీ వేళలు ఊరికే పోతున్నాయా. అది తెలిసినవాణ్ణి అడగాలి. మా దగ్గర వారంవారం మ్యాగీ, గుడ్లు, ఫ్రోజెన్ పరోటాలు కొనే అక్షయ్ ఉన్నాడు. కరీంనగర్ కుర్రాడు. జెర్సీ సిటీలో ఒక బ్యాంకులో చేస్తాడు, పార్సిప్పనీలో నలుగురు రూమ్మేట్స్‌తో ఉంటాడు. వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఎప్పుడూ ఎవడో ఒకడు ఇంటర్వ్యూలకి తిరుగుతుంటాడు.

అతను పరోటాలు కౌంటరు మీద పెట్టగానే, ఇంటర్వ్యూ కంపెనీ పేరు కూడా చెప్పి అడిగాను.

"అంకుల్ కాంటెస్ట్‌లు చేస్తున్నరా?" అని నవ్వాడు. "ఏ కలర్ ఆంటీ?"

"ఆకుపచ్చ."

"అరె, నేను ఇంజనీరింగ్‌ల నాలుగేండ్లు చేసినా గ్రే దాటలే. అంకుల్ మామూలోడు కాదు."

"అది సరే. ఇంటర్వ్యూకి పనికొస్తుందా, రాదా?"

అతను వెనక్కి చూసి, క్యూలో ఎవరూ లేరని నిర్ధారించుకుని కౌంటరు మీదికి వంగాడు. "నిజం చెప్పాల్నా? ఇంటర్వ్యూల అడిగేది పప్పు, అన్నం. అంకుల్ బిర్యానీ పోటీకి రెడీ అయితున్నరు. బిర్యానీ వచ్చినోడికి పప్పు వస్తది, కాదంటలేను. గానీ పప్పు ఎట్ల చేస్తరో గబగబ చెప్పాలె, మాట్లాడుకుంట చెయ్యాలె. కాంటెస్ట్‌ల మాట్లాడేదే ఉండదు కద."

"మాట్లాడటం ఆయనకి రాదు."

"అది మాకు తెల్వదా ఆంటీ. రెండేండ్ల నుంచి వస్తున్న, అంకుల్ నాతో అన్న మాట ఒక్కటే. బ్యాగ్ కావాల్నా అని."

"అయితే ఏం చేయాలంటావు?"

"కాంటెస్ట్‌లు బందు పెట్టమను. పాత క్వశ్చన్లు చదువుకుంటే సరిపోతది. మా రూమ్మేట్ పోయిన వారం అదే కంపెనీకి పోయి వచ్చిండు. ఏమేం అడిగిన్రో మొత్తం రాసి పెట్టిండు. మా దగ్గర ఎవడు పోయి వచ్చినా రాసి పెడ్తడు, తర్వాత పోయేటోడికి పనికొస్తదని. తెచ్చి ఇస్త."

నాకు ఇది బాగా అర్థమైంది. యార్డులో రేపటి రేటు ముందురోజు రాత్రే తెలుసుకునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. దాన్ని ఎవరూ తప్పు అనరు, తెలివి అంటారు. మరుసటి వారం అక్షయ్ నాలుగు కాయితాలు తెచ్చి ఇచ్చాడు. నేను అతని గుడ్లకి బిల్లు వేయలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ ఆయన కంచం పక్కన ఆ కాయితాలు పెట్టాను.

"ఏమిటివి?"

"అక్షయ్ ఇచ్చాడు. చూడండి."

చెయ్యి కడుక్కుని వచ్చి చదివారు. పెన్ను తీసుకుని ఒక్కొక్కదాని పక్కనా ఏదో రాశారు. నేను కంచాలు తీసి టేబుల్ తుడిచేలోపు అన్నీ అయిపోయాయి.

"తేలికే" అన్నారు. తర్వాత, "ఇవి ఎక్కడివి?" అని అడిగారు.

"ఆ కంపెనీ ఈమధ్యే అడిగినవట."

ఆయన కాయితాలు మడిచి టేబుల్ మీదే వదిలేసి లేచారు. శనివారం పోటీలు మానలేదు. నేనూ మానమనలేదు. కాయితాలు చూశారు కాబట్టి నా పని అయిపోయిందనుకున్నాను.

ఇంటర్వ్యూ సెప్టెంబరు మూడో వారంలో వచ్చింది. పొద్దున్నే బస్సెక్కే చోట దింపాను. కొత్త చొక్కా కొనుక్కోమంటే వద్దన్నారు, ఆఫీసుకి వేసుకునే నీలం చొక్కానే వేసుకున్నారు. షుగరు పడిపోతే తినమని జేబులో బిస్కెట్లు పెట్టాను. బస్సు వచ్చింది, ఎక్కారు. కిటికీలోంచి చూస్తారేమోనని కాసేపు నిలబడ్డాను. లాప్‌టాప్ సంచీ సర్దుకుంటున్నారు. బస్సు వెళ్ళిపోయింది.

సాయంత్రం సరాసరి షాపుకే వచ్చారు. నేను కౌంటరు దగ్గరున్నాను. పక్కన స్టూలు మీద కూర్చున్నారు. కస్టమర్లకీ కస్టమర్లకీ మధ్య కొంచెం కొంచెంగా చెప్పారు.

ఒక్కో ఇంటర్వ్యూ ఒక్కో గదిలో, మొత్తం ఐదు. మొదటి మూడు గదులూ బాగానే జరిగాయట. ఒక గదిలో ఆయన బోర్డు మీద రాసింది చూసి కుర్రాడొకడు ఇంత పొట్టిగా ఎలా రాశావని అడిగాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఏదో కదిలింది. నాలుగో గదిలోకి ఒక అమ్మాయి వచ్చింది. బోర్డు మీద ప్రాబ్లమ్ రాసింది.

"అక్షయ్ కాయితంలో రెండోది" అన్నారు.

నేను చింతపండు ప్యాకెట్ స్కాన్ చేస్తున్నాను. "అయితే చేసేసి ఉంటారు."

"చూశానని చెప్పాను."

"ఏమిటి?"

"ఇది నేను ముందే చూశాను, ఈమధ్య ఇక్కడికి వచ్చినవాళ్ళ దగ్గర్నుంచి నాకు తెలిసిందని చెప్పాను."

కస్టమరు కార్డు గీసింది. రసీదు ఇచ్చాను. ఆవిడ వెళ్ళాక అడిగాను. "చెప్పమని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు."

"ఆ అమ్మాయి ఏమంది?"

"థ్యాంక్యూ అంది. తుడిచేసి ఇంకోటి ఇచ్చింది. అది సగమే అయింది, టైమైపోయింది." లాప్‌టాప్ సంచీ స్టూలు కింద పెట్టారు. "ఇంకొంచెం ఉంటే వచ్చేదే."

"మొదటిది మీకు చేతిలో పని. టేబుల్ తుడిచేలోపు చేశారు."

"చేశాను. అందుకే."

ఆయనకి కోపం లేదు, బాధ ఉన్నట్టూ లేదు. పోటీ మధ్యలో లేచి వచ్చిన రోజున ఎలా ఉన్నారో అలాగే ఉన్నారు. నాకూ కోపం రాలేదు. వస్తుందేమోనని చూశాను. బీరకాయలు తూచమని ఎవరో పిలిస్తే వెళ్ళాను.

వారం తిరగకుండానే మెయిల్ వచ్చింది. మీరు వచ్చినందుకు కృతజ్ఞతలు, ఏడాది తర్వాత మళ్ళీ అప్లై చేయవచ్చు. కారణం రాయలేదు. నాలుగో గది వల్లనా, ఐదో గది వల్లనా, వయసు చూశారా, మాట్లాడటం రాదనుకున్నారా, ఏదీ తెలియదు. యార్డులో తూకం తేడా వస్తే సంచీలు మళ్ళీ కాటా మీదికెక్కిస్తాం, ఎక్కడ తగ్గిందో తెలుస్తుంది. ఇక్కడ మళ్ళీ ఎక్కించడానికి ఏమీ లేదు.

నాకు తెలిసిన లెక్క ఒకటే ఉంది. ఆ కాయితాలు నేను కంచం పక్కన పెట్టకపోతే ఆ ప్రాబ్లమ్ ఆయనకి కొత్తది అయ్యేది. బోర్డు దగ్గర చేసేసి ఉండేవారు. ఈ లెక్క ఆయనా వేసుకునే ఉంటారు. నాతో అనలేదు.

జరిగింది అక్షయ్‌కి ఫోన్లో నేనే చెప్పాను. ఆ శుక్రవారం షాపుకి వచ్చాడు. పరోటాలు తీసుకోలేదు.

"అంకుల్ మా రూమ్మేట్ పేరు చెప్పిన్రా ఆంటీ?"

"పేరు ఆయనకి తెలియనే తెలియదు. నేను చెప్పలేదు."

"మావాళ్ళు గరమైతున్నరు. ఇంకొకడు మొన్న పోయి వచ్చిండు. క్వశ్చన్లన్నీ మార్చిన్రట. ఒక్కటి రాలే."

"ఆయన ఎవరి పేరూ చెప్పలేదు అక్షయ్."

"నేనేం అంటలేను ఆంటీ. గట్ల ఎవరన్న చెప్తరా, మీరే చెప్పున్రి." తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "బిర్యానీ అన్న కద. నాదే తప్పు. కాంటెస్ట్ మనుషులు గట్లనే ఉంటరని తెల్వదు."

తర్వాత అతనూ, అతని రూమ్మేట్స్ నలుగురూ కొన్నాళ్ళు ఎడిసన్ వైపు షాపులకి వెళ్ళారు. వారానికి ఐదుగురు మనుషుల గిరాకీ పోయింది. చలి మొదలయ్యాక, అంత దూరం వెళ్ళలేక మళ్ళీ మా దగ్గరికే వచ్చారు. అది నేను ముందే ఊహించాను.

నెలాఖరున ఓనరు ముందు లీజు మీద సంతకం పెట్టాను. మా ఆయన కూడా పక్కన కూర్చుని, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టారు. మాట మారలేదు. ఇన్సూరెన్స్ కార్డు, ఎంతైతే అంత అని, షాపు తరఫునే తీసుకున్నాను. లాప్‌టాప్ స్టాక్ రూమ్‌లో అలమర పైన పెట్టారు. కొత్త బియ్యం లోడు వచ్చినప్పుడు ఆ బస్తాలు పేర్చుకోవడానికి చోటు దొరికింది.

వంటగది తెరిచిన మొదటి శనివారం పదకొండున్నరకి ఎప్పటిలాగే షాపు నిండిపోయింది. నేను పక్క గదిలో దోసెల పెనం దగ్గరున్నాను. మధ్యలో తలుపు తీసి ఉంచాం, కౌంటరు నాకు కనిపిస్తుంది. ఆయన ఒకసారి గోడ గడియారం వంక చూశారు. తర్వాత చూడలేదు.

రాజేశ్వరమ్మ గారు మునక్కాడలు పట్టుకొచ్చారు. కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన పెద్దావిడ, నాకు పాత కస్టమరు.

"ఏవయ్యా మూర్తీ, ఇవాళ్టివేనా ఇవి?"

"కాదండీ. బుధవారం వచ్చాయి."

ఆవిడ అద్దాలు పైకి తోసుకుని ఆయన్ని చూసింది. "మీ ఆవిడైతే పొద్దున్నే దిగాయని చెప్పేదే."

"బుధవారమేనండీ."

ఆవిడ కాడలు తీసిన చోటే పెట్టేసి, ఉప్పు మాత్రం తీసుకుని వెళ్ళింది. మంగళవారం కొత్తవి వస్తే ఫోన్ చేయమంది. నేను దోసె తిరగేసి వచ్చి, ఆ మునక్కాడల ట్రే మొత్తం వంటగదిలోకి తెచ్చేసుకున్నాను. సాంబారులోకి వస్తాయి. ఇకనుంచి ఆయన కౌంటరు దగ్గరుంటే రెండోరోజు కూరలన్నీ వంటగదికి రావలసిందేనని ఆ పూటే అనుకుని, సోమవారం నుంచి ఆర్డరు తగ్గించాను.

తర్వాత క్యూలో సాయి ప్రియ అనే అమ్మాయి ఉంది. న్యూఆర్క్‌లో ఎం.ఎస్. చదువుతోంది, మేలో అయిపోతుంది. ఈయన పోటీల సంగతి అక్షయ్‌వాళ్ళ ద్వారా చేరినట్టుంది.

"అంకుల్, ఒకటి అడగనా? మా బ్యాచ్‌లో అందరూ కాంటెస్ట్‌లు చేయమంటున్నారు. టైమ్ తక్కువుంది. ఇంటర్వ్యూస్‌కి పనికొస్తాయా?"

ఆయన చేతిలో పెరుగు డబ్బా ఉంది. బార్‌కోడ్ చెమ్మకి చెరిగి స్కాన్ కావడం లేదు. చొక్కా అంచుతో తుడిచారు.

"ఇంటర్వ్యూ కోసమైతే అక్కర్లేదమ్మా. పాత ప్రశ్నలు చదువుకో."

"మరి మీరెందుకు చేశారు?"

పెనం మీద దోసె అంచులు లేస్తున్నాయి. నేను గరిటె పట్టుకుని నిలబడి విన్నాను. నాకూ ఆ జవాబు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు.

డబ్బా స్కాన్ అయింది. ఆయన దాన్ని బియ్యం పక్కన, ఒలికిపోకుండా నిలబెట్టారు.

"బ్యాగ్ కావాలా?" అని అడిగారు.